సెకన్లు, సగటులు, సాక్ష్యాలు: టూర్ ద ఫ్రాన్స్ చరిత్రలో గణాంకాల వినియోగం

పరిచయం

చరిత్ర రచనకు పనికివచ్చే ఆధారాలు అనగానే శాసనాలు, నాణేలు, కైఫియతులు, రెవెన్యూ రికార్డులు గుర్తుకు వస్తాయి. శాసనాన్ని ఎవరు వేయించారు, ఎందుకు వేయించారు అని అడిగే విద్యార్థి కూడా అంకెల పట్టిక దగ్గరకు వచ్చేసరికి ప్రశ్నించడం మానేస్తాడు. జనాభా లెక్కల్లోని అక్షరాస్యత శాతాన్నే తీసుకోండి. 1981 శాతాన్ని 5 ఏళ్లు, ఆపై వయసు వారిని లెక్కలోకి తీసుకుని కట్టారు. 1991 నుంచి 7 ఏళ్లు, ఆపై వయసు వారిని తీసుకుంటున్నారు. ఈ మార్పు తెలియకుండా ఆ రెండు అంకెలను పక్కపక్కన పెడితే, ఒక్క బడి కూడా కొత్తగా కట్టకపోయినా అక్షరాస్యత పెరిగినట్టే కనిపిస్తుంది.

ఈ భాగంలో అదే జాగ్రత్తను వృత్తిపరమైన రోడ్డు సైక్లింగ్ చరిత్రకు అన్వయించి చూద్దాం. ఉదాహరణగా టూర్ ద ఫ్రాన్స్‌ను తీసుకోవడానికి రెండు కారణాలున్నాయి. 1903లో మొదలైన ఈ పోటీ, రెండు ప్రపంచ యుద్ధాల మూలంగా ఆగిపోయిన సంవత్సరాలు తప్ప ఏటా జరుగుతోంది. కాబట్టి వందేళ్లు దాటిన కాలశ్రేణి ఒకటి మనకు సిద్ధంగా దొరుకుతుంది. రెండవ కారణం ఇంకా ముఖ్యమైనది. ఈ క్రీడలో అంకెలను పట్టుకుని మనుషులను వీరులన్నారు, మోసగాళ్లనీ అన్నారు. కొన్నిసార్లు అది నిజమైంది, కొన్నిసార్లు రుజువు కాలేదు. గణాంకాలు ఎంతవరకు సాక్ష్యం చెప్పగలవు అన్న ప్రశ్నను పరిశీలించడానికి ఇంతకంటే అనువైన ఉదాహరణ అరుదు.

పోటీ గురించి తెలియనివారి కోసం రెండు మాటలు. నేటి టూర్ సుమారు మూడు వారాల పాటు 21 స్టేజీలుగా సాగుతుంది. ప్రతి స్టేజీకి పట్టిన సమయాన్ని కూడుతూ పోగా చివరకు ఎవరి మొత్తం సమయం తక్కువో వారే విజేత. కొన్ని స్టేజీల్లో ఒక్కొక్కరూ విడివిడిగా బయలుదేరి గడియారంతో పోటీపడతారు. వీటిని టైమ్ ట్రయల్ అంటారు. మిగతా రోజుల్లో అందరూ కలిసి బయలుదేరతారు. ఆ పెద్ద గుంపును పెలటాన్ అంటారు.

మొదటి సగటు ఎలా పుట్టింది?

1903 జులై 1న పారిస్ శివార్ల నుంచి 60 మంది బయలుదేరారు. 6 స్టేజీలు, మొత్తం 2,428 కి.మీ. విజేత మోరిస్ గారాఁకు పట్టిన సమయం 94 గంటల 33 నిమిషాల 14 సెకన్లు. దీన్ని గంటల్లోకి మారిస్తే 94.554. దూరాన్ని దీనితో భాగిస్తే సగటు వేగం గంటకు 25.68 కి.మీ. అని వస్తుంది. కాగితం తీసుకుని ఒకసారి మీరే కట్టి చూడండి, తరువాతి చర్చకు ఉపయోగపడుతుంది.

ఇప్పుడు శాసనాన్ని అడిగిన ప్రశ్నే అడుగుదాం. ఈ అంకెను ఎవరు తయారుచేశారు? పోటీని నడిపింది లోటో అనే క్రీడా పత్రిక. దాని సంపాదకుడు ఆన్రీ దెగ్రాంజ్. పోటీ ఆలోచన చెప్పిన యువ విలేఖరి జియో లెఫెవ్ర్ రైళ్లలో పోటీ వెంట తిరుగుతూ నిర్వహణ చూశాడు, వార్తలూ రాశాడు. అంటే పోటీని పెట్టినవారు, సమయాలను ప్రకటించినవారు, వాటిని అచ్చువేసి అమ్ముకున్నవారు ఒక్కరే. పత్రిక అమ్మకాలు ఆ పోటీతో రెట్టింపుకు మించి పెరిగాయి. అందువల్ల సమయాలన్నీ కల్పితమని అనుమానించనక్కరలేదు. అయితే ఈ అంకె ఒక వ్యాపార సంస్థ తన సరుకు గురించి తానే ఇచ్చిన లెక్క అన్నది గుర్తుంచుకోవాలి.

బయలుదేరినవారు 60 మంది, చివరి వరకు చేరినవారు 21 మంది అన్న లెక్కలోనూ ఒక మెలిక ఉంది. ఆ ఏడాది నియమాల ప్రకారం ఒక స్టేజీలో విరమించుకున్నవాడు మొత్తం వర్గీకరణ నుంచి తొలగినా, తరువాతి స్టేజీల్లో పాల్గొనవచ్చు. ఇపోలిత్ ఒకుతూరియే మొదటి స్టేజీలో మానుకుని, రెండవ, మూడవ స్టేజీలను గెలిచాడు. అతడిని విఫలుడిగా రాయాలా, విజేతగా రాయాలా? పట్టికలో ఉన్న రెండు గడుల్లో అతనికి సరిపోయే గడి లేదు.

లెక్క మారితే ఫలితం మారుతుంది

రెండవ ఏడాదే పోటీ అల్లరిపాలైంది. 1904లో దారిలో మేకులు చల్లారు, అభిమానులు ప్రత్యర్థులను కొట్టారు, పోటీదారులు దొడ్డిదారి సహాయాలు తీసుకున్నారు. పోటీ ముగిసిన కొన్ని నెలలకు, ఆ ఏడాది చివర్లో, ఫ్రెంచి సైక్లింగ్ సంఘం మొదటి నాలుగు స్థానాల వారినీ అనర్హులుగా ప్రకటించింది. వారిలో గారాఁ కూడా ఉన్నాడు. ఐదవవాడైన ఆన్రీ కోర్నే, పోటీనాటికి 19 ఏళ్లవాడు, విజేత అయ్యాడు. కనుక 1904 జులైలో అచ్చయిన పట్టిక, 1905లో అచ్చయిన పట్టిక రెండూ అధికారికమైనవే, రెండూ వేర్వేరు.

దీని తరువాత నిర్వాహకులు లెక్కించే పద్ధతినే మార్చారు. 1905 నుంచి 1912 వరకు విజేతను సమయంతో కాక, స్టేజీల్లో వచ్చిన స్థానాలను బట్టి పాయింట్లతో నిర్ణయించారు. ఈ పద్ధతిలో ఒక నిమిషం వెనుకబడినా, ఒక గంట వెనుకబడినా నష్టం ప్రధానంగా స్థానాన్ని బట్టే ఉంటుంది. గణాంక పరిభాషలో చెప్పాలంటే, పరిమాణాన్ని పక్కన పెట్టి ప్రధానంగా క్రమాన్నే తీసుకున్నారు. ఈ ఎనిమిదేళ్లకు మొత్తం సమయాలను తరువాతి ఏళ్లతో పోల్చేటప్పుడు, ఆ సమయాల కోసం ఎవరూ పోటీపడలేదన్న సంగతి మరిచిపోకూడదు.

1913లో మళ్లీ సమయం లెక్కలోకి వచ్చింది. అదే ఏడాది పిరనీస్ పర్వతాల్లో తుర్మలే కనుమ దిగుతుండగా యూజీన్ క్రిస్తోఫ్ సైకిలు ఫోర్కు విరిగింది. బయటివారి సాయం తీసుకోకూడదన్నది నియమం. అతడు సైకిలు భుజాన వేసుకుని పది కిలోమీటర్లకు పైగా నడిచి, సెంత్ మరీ ద కంపాఁ అనే ఊళ్లో కమ్మరి కొలిమి చేరి, ఫోర్కును తానే అతికించుకున్నాడు. కొలిమి తిత్తి ఊదింది ఒక కుర్రవాడు. ఆ సాయానికి కూడా అధికారులు జరిమానా వేశారు. పోటీలో ముందంజలో ఉన్నవాడు గంటల తరబడి సమయం కోల్పోయి చివరకు ఏడవవాడిగా మిగిలాడు. క్రితం ఏడాది పాయింట్ల పద్ధతిలో ఇదే ప్రమాదం జరిగి ఉంటే అతని నష్టం ఒక్క స్టేజీ స్థానానికే పరిమితమయ్యేది. క్రిస్తోఫ్‌ను దురదృష్టవంతుడిగా వర్ణించడం రచయితలందరికీ ఇష్టం. అతని దురదృష్టంలో ఆ ఏడాదే మారిన లెక్కకూ వాటా ఉందని చెప్పేవారు తక్కువ.

వేగం పెరిగింది, దేనివల్ల?

విజేతల సగటు వేగాన్ని కాలక్రమంలో గుర్తిస్తే పైకి ఎక్కే గీత వస్తుంది. 1903లో 25.68, 1989లో సుమారు 37.5, 1999లో మొదటిసారి 40 దాటింది, 2022లో 42 చుట్టుపక్కల ఉంది. మనిషి కాళ్ల సత్తువ ఇంతగా పెరిగిందని దీనికి అర్థమా?

గీత మధ్యలో ఒక పల్లం ఉంది. 1919లో సగటు 24.06కి పడిపోయింది, అంటే 1903 కంటే తక్కువ. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి ఏడాది కూడా కాలేదు. ఉత్తర ఫ్రాన్స్ రోడ్లు ఫిరంగి గుండ్లతో ఛిద్రమై ఉన్నాయి. టైర్లకు కొరత. యుద్ధానికి ముందు గెలిచినవారిలో ఫ్రాన్స్వా ఫాబర్, ఆక్తావ్ లాపీజ్, లూసియాఁ పెటి బ్రెతాఁ ముగ్గురూ యుద్ధంలో మరణించారు. 60 మందికి పైగా బయలుదేరితే చివరి వర్గీకరణలో మిగిలినవారు 10 మంది. ఈ 24.06 అన్న అంకెను క్రీడా ప్రమాణం పడిపోయిందని చదివేవాడు దాని వెనుక ఉన్న ఐరోపాను చూడలేదన్నమాట.

1926లోనూ సగటు 24.06 దగ్గరే ఉంది. కారణం మాత్రం వేరు. ఆ ఏడాది దూరం 5,745 కి.మీ., టూర్ చరిత్రలోనే అత్యధికం. 1989లో దూరం 3,285 కి.మీ. మాత్రమే. దూరం తగ్గింది, రోడ్లకు తారు పడింది, గేర్లు మార్చే డెరైలర్‌ను 1937 నుంచి అనుమతించారు, జట్లు పద్ధతిగా పనిచేయడం నేర్చుకున్నాయి. ఇన్ని కారణాలు ఒకే దిశలో కదులుతున్నప్పుడు ఒక్క గీతను చూసి ఏ కారణానికి ఎంత వాటా అని చెప్పడం సాధ్యం కాదు. సగటు వేగం మంచి వార్తా శీర్షిక అవుతుంది కానీ చరిత్రకారుడికి అది బలహీనమైన సాధనమని నా అభిప్రాయం.

అంతకంటే ఎక్కువ చెప్పేది తేడా. 1903లో గారాఁ రెండవ స్థానంలోని లూసియాఁ పొతియే కంటే దాదాపు 3 గంటలు ముందున్నాడు. ఇది అతని మొత్తం సమయంలో సుమారు 3 శాతం. 1989లో గ్రెగ్ లెమాండ్ మొత్తం సమయం 87 గంటల 38 నిమిషాల 35 సెకన్లు, అంటే 3,15,515 సెకన్లు. రెండవవాడు లోరాఁ ఫిన్యోఁతో తేడా 8 సెకన్లు. శాతంలో 0.0025. పోటీదారుల సామర్థ్యాలు అంత దగ్గరకు వచ్చాయని తొందరపడి అనుకోవద్దు. ఒకే గుంపుగా గీత దాటినవారందరికీ ఒకే సమయం ఇవ్వడం నియమం. అందువల్ల చాలా రోజులు ప్రముఖుల మధ్య నమోదయ్యే తేడా సున్నా. తేడాలు పుట్టేది పర్వతాల్లోనూ, టైమ్ ట్రయల్స్‌లోనూ. చివరి రోజు 24.5 కి.మీ. టైమ్ ట్రయల్‌కు ముందు ఫిన్యోఁ 50 సెకన్ల ముందంజలో ఉన్నాడు, ఆ ఒక్క స్టేజీలో 58 సెకన్లు పోగొట్టుకున్నాడు. లెమాండ్ సైకిలుకు ట్రయథ్లాన్ పోటీల నుంచి వచ్చిన కొత్త రకం హ్యాండిల్ ఉంది, తలపై గాలిని చీల్చే హెల్మెట్ ఉంది. ఫిన్యోఁ తలపై ఏమీ లేదు, జుట్టు వెనక్కి ముడివేసి ఉంది.

ఎదురుగాలిలో సైకిలు తొక్కిన ప్రతివారికీ ఈ విషయం కాళ్లకు తెలుసు. దానికి లెక్క కట్టినవారు ఐండ్‌హోవెన్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన బెర్ట్ బ్లాకెన్ బృందం. 2018లో వారు ప్రచురించిన అధ్యయనంలో 121 మంది గుంపును కంప్యూటర్‌లోను, గాలి సొరంగంలోను పరీక్షించారు. గుంపు నడుమ సురక్షితంగా ఉన్నవాడిపై పడే గాలి నిరోధం, ఒంటరిగా వెళ్లేవాడిపై పడేదానిలో 5 నుంచి 10 శాతం మాత్రమే ఉండవచ్చని తేలింది. కనుక చదును నేల మీద ఒక పోటీదారు వేగం అతని సొంత శక్తికి కొలబద్ద కాదు. పర్వతాల ఎత్తుకు ఎక్కేటప్పుడు వేగం తగ్గి, గాలి ప్రభావం తగ్గుతుంది. అక్కడ శరీర శక్తిని అంచనా వేయవచ్చునన్న ఆశ అలా పుట్టింది.

పూర్తి చేసినవారి శాతం

కొండల లెక్కకు వెళ్లేముందు ఇంకొక అంకెను చూద్దాం. 1989లో 198 మంది బయలుదేరి 138 మంది పూర్తి చేశారు, దాదాపు 70 శాతం. 1998లో 189 మందికి 96 మంది, అంటే 51 శాతం. ఈ రెండు శాతాలే ఎదురుగా ఉంటే 1998 దారి కఠినమైనదని, లేదా వాతావరణం బాగాలేదని ఊహిస్తాం. జరిగింది వేరు. పోటీకి కొద్ది రోజుల ముందు ఫెస్టీనా జట్టు ఉద్యోగి విల్లీ వూట్ సరిహద్దు దగ్గర కారు నిండా నిషిద్ధ ఉత్ప్రేరకాలతో పట్టుబడ్డాడు. జట్టును బహిష్కరించారు, పోలీసులు హోటళ్లలో సోదాలు చేశారు, పోటీదారులు రోడ్డు మీద కూర్చుని నిరసన తెలిపారు, కొన్ని జట్లు మొత్తంగా ఇంటిదారి పట్టాయి. 51 అన్న అంకె పర్వతాల కాఠిన్యం గురించి చెప్పేది స్వల్పం.

హద్దు గీసిన అంకె

ఆ దశాబ్దంలో ప్రధానంగా వాడిన మందు ఈపీఓ. రక్తంలో ఎర్రకణాలను పెంచి కండరాలకు ఎక్కువ ప్రాణవాయువు అందేలా చేస్తుంది. మొదట్లో దాన్ని నేరుగా పట్టుకునే పరీక్ష లేదు. అందుకని 1997లో అంతర్జాతీయ సైక్లింగ్ సమాఖ్య ఒక పరోక్ష కొలతను ఎంచుకుంది. రక్తంలో ఎర్రకణాల శాతాన్ని సూచించే హెమటోక్రిట్ 50 దాటితే పోటీదారును ఆరోగ్య కారణాలపై కొద్ది రోజులు పక్కన పెట్టేవారు.

ఈ నియమంలోని గణాంక లోపాన్ని గమనించండి. ప్రకృతి సిద్ధంగా ఒకరికి 40, ఇంకొకరికి 48 ఉండవచ్చు. అందరికీ ఒకే హద్దు పెడితే 40 ఉన్నవాడికి మందు వాడుకునేందుకు 10 పాయింట్ల జాగా దొరికింది, 48 ఉన్నవాడికి రెండే. నిఘా కోసం గీసిన హద్దు వాడుకలో గమ్యంగా మారింది. 49 దగ్గర ఆగడం ఎలాగో జట్ల వైద్యులు నేర్చుకున్నారని తరువాత పలువురు పోటీదారులే వాంగ్మూలాల్లో చెప్పారు. 1998లో ఇటలీ టూర్‌ను, ఫ్రాన్స్ టూర్‌ను రెండింటినీ గెలిచిన మార్కో పాంతానీ, 1999 జూన్‌లో ఇటలీ టూర్‌లో ఆధిక్యంలో ఉండగా, ఇంకా రెండు స్టేజీలు మిగిలి ఉన్నప్పుడు ఈ పరీక్షలో 50 దాటి పోటీ నుంచి బయటకు వెళ్లాడు. అతడు ఆ దెబ్బ నుంచి పూర్తిగా కోలుకోలేదు. 2004 ఫిబ్రవరిలో, 34 ఏళ్ల వయసులో, రిమిని పట్టణంలోని ఒక హోటలు గదిలో చనిపోయాడు.

2008లో వచ్చిన జీవ పాస్‌పోర్టు ఇదే సమస్యకు మెరుగైన జవాబు. ఇందులో ఒక వ్యక్తి రక్తపు కొలతలను అతని పాత కొలతలతోనే పోలుస్తారు. కొత్త కొలత వచ్చినకొద్దీ అతనికి సహజమైన పరిధి ఏమిటో సంభావ్యతా సూత్రాలతో సవరిస్తారు. జనసమూహపు సగటును వదిలి వ్యక్తి కాలశ్రేణిని ఆధారం చేసుకోవడం ఇందులోని మార్పు. ఈ క్రీడలో గణాంకశాస్త్రం నిజంగా పనికివచ్చిన సందర్భాల్లో దీనికి నేను మొదటి స్థానం ఇస్తాను. ఇక్కడ కూడా, అసాధారణమైన ఫలితం వచ్చినప్పుడు నిపుణుల సంఘం పరిశీలించి, వ్యక్తి వివరణ విన్న తరువాతే చర్య ఉంటుంది.

కొండ మీద గడియారం

ఇక పర్వతాలు. ఆల్ప్స్‌లోని ఆల్ప్ డ్యుయెజ్ కొండదారికి 21 మలుపులు. 1952లో టూర్ మొదటిసారి అక్కడికి వెళ్లినప్పుడు ఫౌస్తో కొప్పీ గెలిచాడు. 1997లో పాంతానీకి పట్టిన సమయం 37 నిమిషాల 35 సెకన్లని ఒక లెక్క, అంతకంటే తక్కువని ఇంకొక లెక్క. గడియారం ఎక్కడ మొదలుపెట్టాలన్న దానిపై ఏకాభిప్రాయం లేకపోవడమే దీనికి కారణం. ఎత్తు మొదలయ్యే చోటి నుంచి కొందరు, కొంచెం ముందున్న కూడలి నుంచి కొందరు లెక్కపెట్టారు. పాత టెలివిజన్ చిత్రాలు చూసి తరువాత కట్టిన సమయాలూ ఇందులో కలిశాయి. సెకన్లలో వాదించుకునేవారు ముందుగా ప్రారంభ స్థానం ఒక్కటేనా అని చూడాలి.

సమయం తెలిస్తే శక్తిని ఇలా అంచనా వేస్తారు. మనిషి, సైకిలు కలిపి 75 కిలోలనుకుందాం. గంటలో 1,000 మీటర్ల ఎత్తు ఎక్కితే, 75ను 9.8తోను, 1,000తోను గుణించి 3,600తో భాగించాలి. సుమారు 204 వాట్లు వస్తాయి. దీనికి టైరు రాపిడి, గాలి కలపాలి. గంటకు ఎన్ని మీటర్ల ఎత్తు ఎక్కారన్న కొలతకు వీఏఎమ్ అని ఇటాలియన్ సంక్షిప్త నామం పెట్టినవాడు మికేలే ఫెరారి అనే వైద్యుడు. అదే ఫెరారిని 2012లో డోపింగ్ నేరంపై అమెరికా సంస్థ జీవితకాలం బహిష్కరించింది. మోసం చేయించడానికి ఉపయోగపడిన కొలతే మోసాన్ని పట్టాలనుకునేవారి చేతిలోకీ వచ్చింది. ఒకప్పుడు ఫెస్టీనా జట్టులో శిక్షకుడిగా పనిచేసిన ఆంత్వాన్ వాయే, 70 కిలోల ప్రామాణిక పోటీదారుకు సవరించిన లెక్కతో 410 వాట్లు అనుమానాస్పదం, 430 అద్భుతం, 450 అయితే మనిషి జాతే మారినట్టు అని మెట్లు కట్టాడు.

ఈ లెక్క ఒక బతికున్న మనిషి మీద పడినప్పుడు ఏమవుతుందో 2015లో కనిపించింది. పిరనీస్‌లో లా పియెర్ సెయింట్ మార్తాఁ ఎత్తును క్రిస్ ఫ్రూమ్ అందరికంటే చాలా ముందుగా ఎక్కాడు. ఫ్రెంచి టెలివిజన్ కార్యక్రమం ఒకటి అతడు కిలో బరువుకు 7.04 వాట్లు ఉత్పత్తి చేశాడని అంచనా ప్రసారం చేసింది. అతని జట్టు జవాబుగా తన యంత్రం కొలతలను బయటపెట్టింది. సగటు 414 వాట్లు, బరువు 67.5 కిలోలు. భాగిస్తే 6.13. అతడు వాడే అండాకారపు పళ్ల చక్రం వల్ల యంత్రం సుమారు 6 శాతం ఎక్కువ చూపుతుందని, దాన్ని తీసివేస్తే 5.78 అని జట్టు వివరించింది. ఒకే కొండ, ఒకే మనిషి, 7.04కీ 5.78కీ మధ్య తేడా ఐదో వంతుకు దగ్గర. బయటివారికి అతని బరువు తెలియదు, గాలి తెలియదు. జట్టు లెక్కకు వస్తే అది తన ఆటగాడి గురించి తానే ఇచ్చినది. లోటో పత్రిక విషయంలో అన్నమాటే ఇక్కడా వర్తిస్తుంది. అదే టూర్‌లో రోడ్డు పక్క ప్రేక్షకుడొకడు మందు కొట్టావని అరుస్తూ తనపై మూత్రం పోశాడని ఫ్రూమ్ చెప్పాడు. ఈ వాట్ల లెక్క ఆధారంగా అతనిపై ఏ నేరమూ రుజువు కాలేదు.

లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ సంగతి దీనికి ఎదురు ఉదాహరణ. ఫెస్టీనా కుంభకోణం తరువాతి ఏడాది, 1999లో, పునరుద్ధరణ టూర్ అని చాటిన పోటీలో అతడు గెలిచాడు. సగటు వేగం మొదటిసారి 40 దాటింది ఆ ఏడే. దాన్ని చూసి అప్పుడే అనుమానించినవారున్నారు. వారి అనుమానం సరైనదే. కానీ వేగమే రుజువైతే, అంతకంటే వేగంగా సాగిన 2022 టూర్‌ను కూడా అదే గాటన కట్టాలి. ఆర్మ్‌స్ట్రాంగ్ కూడా అంకెనే కవచంగా వాడుకున్నాడు. వందల పరీక్షల్లో ఒక్కదానిలోనూ దొరకలేదని ఏళ్ల తరబడి వాదించాడు. ఈపీఓను కొన్ని గంటల్లో మూత్రంలో కనబడకుండా చేసుకోగల రోజుల్లో, పరీక్షల సంఖ్య ఎంత పెద్దదైనా నిర్దోషిత్వానికి ఆధారం కాదు. చివరకు 2012లో కేసును నిలబెట్టింది 26 మంది ప్రమాణపూర్వక వాంగ్మూలాలు. వారిలో 11 మంది అతని పూర్వపు సహచరులు. బ్యాంకు చెల్లింపులు, ఉత్తరప్రత్యుత్తరాలు, ప్రయోగశాల వివరాలు వాటికి తోడయ్యాయి. అంకెలు అనుమానాన్ని లేవనెత్తాయి. దాన్ని తేల్చింది చరిత్ర విద్యార్థులకు బాగా తెలిసిన పాత పద్ధతే, సాక్షులను, పత్రాలను ఒకదానితో ఒకటి సరిచూడడం.

1999 నుంచి 2005 వరకు విజేత పేరు ఉండవలసిన ఏడు గడులు నేడు ఖాళీ. రెండవవారికి బిరుదు ఇవ్వలేదు. వేగాల గీత గీసేటప్పుడు ఈ ఏడేళ్లను తీసేయాలా? తీసేయకూడదని నేను అనుకుంటాను. పోటీ జరిగింది, ఆ సమయాలు నమోదయ్యాయి. వాటిని వేరే గుర్తుతో చూపి, కింద కారణం రాయాలి. తీసేస్తే ఆ కాలం గురించి మనకున్న ఆధారాన్నే తుడిచేసినట్టవుతుంది.

పట్టికలో లేనివారు

పైన ఇచ్చిన ప్రతి అంకె పురుషుల పోటీదే. మహిళల పోటీలను అదే కాలరేఖపై గుర్తించాలంటే 1955లో ఒక చిన్న పోటీ, 1984 నుంచి 1989 వరకు పురుషుల టూర్‌తో పాటు నడిచిన పోటీ, ఆ తరువాత 2022లో మొదలైన నేటి మహిళల టూర్ కనిపిస్తాయి. 1984 విజేత అమెరికాకు చెందిన మరియన్ మార్టిన్. మధ్యలోని ఏళ్లను సున్నాలుగా నమోదు చేయడం పెద్ద తప్పు. 1990ల్లోనూ, 2000ల్లోనూ ఫ్రాన్స్ రోడ్ల మీద మహిళలు బహుళ స్టేజీల పోటీల్లో పాల్గొన్నారు. నిర్వాహకులు వేరు, పోటీ పేరు వేరు కావడం వల్ల ఆ సమయాలు ఈ పట్టికలో చేరలేదు. వాటి కోసం ఆనాటి ప్రాంతీయ దినపత్రికలను, సైక్లింగ్ సంఘాల దస్త్రాలను వెతకాలి.